ఒక పట్టుకు ఒక ఈగ చాలు

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఏటా తప్పకుండా వచ్చే గొడవలు మూడు. వినాయక చవితి చందా, ఎండాకాలం నీళ్ల ట్యాంకరు, తేనెతుట్టె. మొదటి రెంటిలో నేను నోరెత్తను. మూడోదాంట్లో మాత్రం ప్రతిసారీ తలదూర్చి మాటలు పడతాను.

పోయినేడు మార్చిలో టెర్రస్ మీది ఓవర్‌హెడ్ ట్యాంకుకు మూడు తుట్టెలు పట్టాయి. తూర్పు వైపు పక్కపక్కనే రెండు, పడమర వైపు ఒకటి. కొండ తేనెటీగలు. మా ఊళ్లో పెద్దీగలు అనేవాళ్లం. చేటంత పెర ఒక్కటే కట్టి, దాని మీద వేల ఈగలు దుప్పటి కప్పినట్టు వేలాడే రకం. పిల్లలున్న ఇళ్లు, ఎవరినైనా కుడితే పూచీ ఎవరిది అని గ్రూపులో రెండ్రోజులు నడిచింది. మూడో రోజు సాయంత్రం మందు కొట్టేవాళ్లు వచ్చారు. తూర్పు వైపువి రెండూ పోయాయి. పడమర వైపు దానికి వాళ్ల పైపు అందలేదు.

తెల్లారి వెళ్లి చూస్తే టెర్రస్ మీద చచ్చిన ఈగలు చీపురుతో ఊడ్చేంత ఉన్నాయి. ఊడ్చాను కూడా. రెండు గుప్పెళ్లు ఖాళీ పచ్చడి సీసాలో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పటికి నాకే స్పష్టంగా తెలియదు. మా అమ్మ ఐసు కోసం తలుపు తీసి, "చచ్చిన ఈగల్ని ఇంట్లో దాచుకోవడం ఏంట్రా, అదీ తినేవి పెట్టుకునే చోట" అని ఓ పూటంతా నాతో మాట్లాడలేదు.

నా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఒకటే. ఒకే ట్యాంకుకు పట్టిన ఆ మూడు తుట్టెలూ ఒక తల్లి బిడ్డలవా, లేక ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ కలిసినవా? కాలేజీలో నాతోపాటు జువాలజీ చదివి, ఇప్పుడు డీఎన్‌ఏ పని చేసే ల్యాబులో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాను. వాడు అంతా విని ఒక్కటే అడిగాడు: "ఏ ఈగ ఏ తుట్టెదో తెలుసా?"

తెలియదు. రెండు తుట్టెల ఈగల్నీ కలిపి ఊడ్చేశాను.

"అయితే ఆ సీసాకు పెద్ద విలువ లేదు. ఓ పది ఈగల్ని తీసి చూస్తే, రెండు రకాల మైటోకాండ్రియా కనబడితే కనీసం ఇద్దరు తల్లులున్నారని తెలుస్తుంది. అంతే. విడివిడిగా తీసి ఉంటే తుట్టెకు ఒక్క ఈగ చాలేది కదరా."

తుట్టెకు ఒక్క ఈగ. ఇరవై వేల ఈగలున్న ఊరికి ఒక్క ఈగ ఎలా చాలుతుంది? తర్వాత ఏడాదిపాటు నేను చదివిందీ, వాడితో వాదించిందీ అంతా ఆ మాట చుట్టూనే తిరిగింది.

మన ఒంట్లోలాగే ఈగ కణాల్లోనూ డీఎన్‌ఏ రెండు చోట్ల ఉంటుంది. కేంద్రకంలో ఉండేది అమ్మదీ నాన్నదీ కలిసింది, ప్రతి తరంలోనూ పేకముక్కల్లా కలిపి పంచేది. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో ఉండేది చిన్న ఉంగరంలాంటిది, తల్లి నుంచి మాత్రమే వచ్చేది. దాన్ని ఎవరూ కలపరు. అమ్మమ్మ దగ్గర ఎలా ఉందో అమ్మకూ అలాగే, అమ్మకు ఎలా ఉందో మనకూ అలాగే. ఎప్పుడో ఒక అక్షరం తప్పు పడితే ఆ తప్పు ఆ ఆడ వరస పొడుగునా గుర్తుగా మిగిలిపోతుంది. ఒకే రకం గుర్తులున్న వరసను హాప్లోటైప్ అంటారు. నేను తల్లి వరస అంటాను.

మనకు సులువుగా అర్థమయ్యే పోలిక ఇంటిపేరు. మన ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి పోతుంది, కూతురితో ఆగిపోతుంది. తేనెటీగల్లో ఇది తలకిందులు. రాణి ఇంటిపేరే తుట్టెలో ఉన్న ప్రతి కూలి ఈగకూ, ప్రతి పోతుటీగకూ ఉంటుంది. కొత్త రాణి పుడితే ఆమే దాన్ని ముందుకు తీసుకుపోతుంది. పోతుటీగ మాత్రం పుట్టింటి పేరు మోసుకుని ఎగిరిపోయి, ఒక్కసారి జతకట్టి, అక్కడే చచ్చిపోతుంది. ఆ పేరు దానితో సరి. అందుకే ఒక తుట్టె నుంచి ఒక ఈగను తీసినా వెయ్యి తీసినా కనబడే ఇంటిపేరు ఒకటే.

పోతుటీగ మీద ఒక పొడుపు కథ కట్టొచ్చు. తండ్రి లేడు, తాత ఉన్నాడు. కొడుకు పుట్టడు, మనవడు పుడతాడు. ఎవరది? రాణి పెట్టిన గుడ్డు ఫలదీకరణ జరగకుండానే పొదిగితే పోతుటీగ అవుతుంది, జరిగితే ఆడ ఈగ అవుతుంది. ఆడదానికి 32 క్రోమోజోములు, పోతుకు 16. అలా పోతుకు తండ్రి ఉండడు, తల్లికి తండ్రి ఉంటాడు. దాని బిడ్డలందరూ కూతుళ్లే, ఆ కూతుళ్లలో ఎవరైనా రాణి అయితే ఆమెకు కొడుకులు పుడతారు. ఇది సరదాకు చెప్పడం లేదు. కాసేపట్లో దీనితో పని పడుతుంది.

ఈ ఉంగరాన్ని మొదటిసారి పూర్తిగా చదివింది ఆస్ట్రేలియాలో క్రోజియర్ దంపతులు, 1993లో. ఐరోపా తేనెటీగది, 16,343 అక్షరాలు. అందులో జన్యువులు 37: ప్రొటీన్లు చేసేవి 13, మిగతావి ఆ ప్రొటీన్ల తయారీకి సాయపడేవి. డీఎన్‌ఏకు ఉన్న నాలుగు అక్షరాల్లో ఎ, టి అనే రెండే నూటికి 85 దాకా ఉంటాయి. చదువుతుంటే ఒకే రెండు అచ్చుల పాట వింటున్నట్టు ఉంటుంది. మరి కేంద్రకంలో ఎంత ఉంటుంది? 23 కోట్ల అక్షరాల పైమాట. అంటే మనం మాట్లాడుకుంటున్నది మొత్తం పుస్తకంలో ఒక పేరాగ్రాఫ్ గురించి.

అంత చిన్నదాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకంటే, అది దొరుకుతుంది గనక. కణానికి కేంద్రకం ఒకటే. మైటోకాండ్రియా ఉంగరాలు వందలు, వేలు. ఈగ రొమ్ము భాగంలోని ఎగిరే కండరాల్లో అవి కిక్కిరిసి ఉంటాయి. యాభై ఏళ్ల కింద పిన్నుకు గుచ్చి పెట్టిన ఎండిపోయిన ఈగలో కేంద్రకం డీఎన్‌ఏ తునాతునకలైపోయినా, ఉంగరం ముక్కల్ని ఏరి అతికించుకోవచ్చు. డీఎన్‌ఏ అక్షరాలు చదివే ఇప్పటి సీక్వెన్సింగ్ యంత్రాల్లో ఏదో పైపైన చదివించినా ఉంగరం పూర్తిగా వచ్చేస్తుంది. ఖర్చూ తక్కువే.

పూర్వం అంత కూడా చదివేవాళ్లు కాదు. ఫ్రాన్స్‌లో గార్నరీ బృందం 1993లోనే ఒక చవక పరీక్ష పెట్టింది. ఉంగరంలో రెండు జన్యువుల మధ్య ఏ పనీ చేయని చిన్న ఖాళీ స్థలం ఉంటుంది. ఆఫ్రికా వరసలో దాని కొలత ఒకటి, పశ్చిమ ఐరోపా వరసలో ఒకటి, తూర్పు ఐరోపా వరసలో మరొకటి. దాన్ని ఒక ఎంజైముతో కత్తిరించి ముక్కల పొడుగు చూస్తే ఏ వరసదో చెప్పొచ్చు. రెండు ఇళ్ల మధ్య సందు వెడల్పు చూసి ఇది ఏ ఊరో చెప్పినట్టు. దశాబ్దాలపాటు ప్రపంచమంతా ఆ సందునే కొలిచింది. పూర్తి ఉంగరం చదివితే, సందు కొలతలో ఒకటిగా కనిపించిన రెండు ఈగలు నాలుగైదు చోట్ల తేడాగా ఉన్నాయని తెలుస్తుంది. ఇంకో లాభం ఉంది. తేనెటీగ కేంద్రకంలోకి మైటోకాండ్రియా డీఎన్‌ఏ తునకలు చాలా చేరి ఉన్నాయి. ఎప్పుడో తీసిన జిరాక్సు కాపీలు వేరే ఫైల్లో పడి ఉన్నట్టు. చిన్న ముక్కనే చదివేవాడు పొరపాటున జిరాక్సును చదివి అసలు అనుకోవచ్చు. ఉంగరం మొత్తం చదివేవాడికి ఆ పప్పులు ఉడకవు.

ఇంతవరకూ నేనూ నా స్నేహితుడూ ఒకటే మాట. పేచీ మొదలయ్యేది ఆ ఉంగరం ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అన్న దగ్గర.

చెప్పగలిగినదానికి నాకు నచ్చిన ఉదాహరణ బ్రెజిల్. 1956లో వార్విక్ కెర్ అనే జన్యుశాస్త్రవేత్త ఆఫ్రికా నుంచి రాణి ఈగల్ని బ్రెజిల్‌కు తెచ్చాడు. వేడి ప్రాంతానికి పనికొచ్చే రకం తయారుచేయాలని. మరుసటి ఏడు 26 తేనెపట్లు తప్పించుకున్నాయి. అక్కడి నుంచి కోపిష్టి ఈగలు ఏటా వందల కిలోమీటర్లు పాకుతూ 1990 నాటికి అమెరికాలో టెక్సాస్ చేరాయి. మధ్యలో శాస్త్రవేత్తలకు ఒక సందేహం. ఇలా పాకుతున్నది ఎవరు? ఆఫ్రికా పోతుటీగలు వెళ్లి దారిలో ఉన్న ఐరోపా రాణులతో జతకట్టి, వాళ్ల బిడ్డల్ని తమలాంటివాళ్లుగా మార్చేస్తున్నాయా? లేక ఆఫ్రికా రాణులే గుంపులుగా కదిలి, అడవిలో గూళ్లు కట్టుకుంటూ వస్తున్నాయా? బయటికి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. 1989లో రెండు బృందాలు విడివిడిగా మైటోకాండ్రియాను చూశాయి. పోతులే కారణమైతే ఇంటిపేరు ఐరోపాదై ఉండాలి. అడవి పట్లలో దాదాపు అంతా ఆఫ్రికా ఇంటిపేరే కనబడింది. తల్లులే నడిచి వచ్చాయి. అలాంటి ప్రశ్నకు ఉంగరాన్ని మించిన సాక్షి లేదు. వాటి కేంద్రకంలో ఐరోపా పాలు కొంత కలిసిందన్న సంగతి కేంద్రకాన్ని చదివినప్పుడే బయటపడింది. అది ఉంగరం చూసిన సంగతి కాదు గనక ఉంగరం చెప్పలేదు.

సరిగ్గా దీనికి ఎదురు కథ స్పెయిన్‌ది. ఆ దేశంలో దక్షిణాది తేనెటీగల ఉంగరం ఆఫ్రికా వరసది, ఉత్తరాదివాటిది పశ్చిమ ఐరోపా వరసది. ఉంగరాన్నే నమ్ముకుంటే దక్షిణ స్పెయిన్ ఈగల్ని ఆఫ్రికా ఈగలనేయాలి. 1998లో ఫ్రాంక్ బృందం కేంద్రకంలోని గుర్తుల్ని చూస్తే, దేశమంతటా ఈగలు పశ్చిమ ఐరోపావే అని తేలింది. ఇంటిపేరు ఒకటి, రక్తం ఇంకొకటి. మన ఊళ్లలో ఇల్లరికపు అల్లుళ్ల వంశాలు గుర్తు చేసుకోండి.

ఇక ఈ వ్యాసం రాయడానికి అసలు కారణమైన అడవి ఆర్నాట్. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా ఊరి దగ్గర కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన అడవి అది. థామస్ సీలీ అనే ఆయన 1970ల నుంచీ అక్కడి చెట్టు తొర్రల్లోని అడవి తేనెటీగల వెంట తిరిగాడు. అమెరికాలో తేనెటీగ పరాయిది, ఐరోపా వలసవాళ్లతో వచ్చింది. కానీ ఎప్పుడో పెట్టెలొదిలి అడవి పట్టింది. 1977లో ఆ చుట్టుపక్కల అడవి పట్ల నుంచి తెచ్చిన ఈగల్ని పిన్నులకు గుచ్చి, చీటీ రాసి విశ్వవిద్యాలయం కీటకాల సంగ్రహంలో పెట్టారు. అప్పట్లో డీఎన్‌ఏ చదవాలన్న ఆలోచనతో కాదు. కీటకాలు దొరికితే గుచ్చి పెట్టడం ఆ శాఖవాళ్లకు అలవాటు, అంతే.

1987లో అమెరికాలో వరోవా నల్లి కనబడింది. ఈగల ఒంటికీ పిల్లలకూ పట్టి, ఒంట్లో సారం పీల్చి, వైరస్‌లు అంటించే నల్లి. (ఈ నల్లి పుట్టిల్లు మన ఆసియా పుట్ట తేనెటీగే. మనవి దానితో తరతరాలుగా కాపురం చేస్తున్నాయి గనక ఒళ్లు దులుపుకుని బతుకుతాయి. ఐరోపా ఈగకు ఆ విద్య రాదు.) పెట్టెల్లో పెంచే పట్లు కుప్పకూలాయి. అడవిలోవి కూడా తుడిచిపెట్టుకుపోయి ఉంటాయని అంతా అనుకున్నారు. సీలీ మళ్లీ అడవిలోకి వెళ్లి లెక్క పెడితే పట్లు మునుపటిలాగే ఉన్నాయి, చదరపు కిలోమీటరుకు ఇంచుమించు ఒకటి. అంటే ఏమీ జరగలేదా? నల్లి వాటిని ఏమీ చేయలేదా?

అలెగ్జాండర్ మిఖేయెవ్, సీలీ, ఇంకొందరు కలిసి పిన్నుకు గుచ్చిన పాత ఈగల్నీ, 2010లో అదే చోట పట్టిన కొత్తవాటినీ పక్కపక్కన పెట్టి మొత్తం డీఎన్‌ఏ చదివారు. 2015లో అచ్చయింది. ఉంగరం చెప్పిన కథ భయంకరంగా ఉంది: 1977 నాటి తల్లి వరసలు చాలావరకు లేకుండా పోయాయి. అంటే మధ్యలో ఎప్పుడో ఆ అడవిలో పట్లు కుప్పలుగా చచ్చాయి. బతికి బట్టకట్టిన కొద్ది రాణుల సంతానమే మళ్లీ అడవంతా నిండింది. లెక్కలో పట్ల సంఖ్య మారలేదు గనక, ఆ ఉంగరం లేకపోతే ఈ చావు సంగతి ఎవరికీ తెలిసేదే కాదు.

అదే ఈగల కేంద్రకం చెప్పిన కథ ఇంకొకటి: జన్యు వైవిధ్యం తగ్గలేదు. వందల జన్యువుల్లో ప్రకృతి ఎంపిక జాడలు ఉన్నాయి, కానీ మొత్తం సంపద చెక్కుచెదరలేదు.

మొదటిసారి చదివినప్పుడు నేను ఇందులో ఎక్కడో లెక్క తప్పిందనుకున్నాను. ఊరిలో చాలా కుటుంబాలు పోతే ఊరి వైవిధ్యం పోకుండా ఎలా ఉంటుంది? ఇక్కడే పోతుటీగల పొడుపు కథ పనికొస్తుంది. ఐరోపా రాణి ఈగ పెళ్లి ప్రయాణంలో పది నుంచి ఇరవై దాకా పోతులతో జతకడుతుంది. అవి వేరువేరు పట్ల నుంచి వచ్చినవి. వాటి వీర్యాన్ని రాణి సంచిలో దాచుకుని బతికినంత కాలం వాడుకుంటుంది. కాబట్టి బతికిన ఒక్క పట్టులో ఉన్నది ఒక్క కుటుంబపు సొత్తు కాదు. రాణి సొంత రెండు జతలకు తోడు ఓ పదిహేను మంది అల్లుళ్లు తెచ్చిన జన్యువులు. ఆ అల్లుళ్లను కన్న పట్లు నల్లి వచ్చి చచ్చిపోయినా, వాళ్ల జన్యువులు ఈ రాణి కూతుళ్లలో బతికే ఉన్నాయి. ఇంటిపేర్లు మాత్రం పోయాయి. ఒక తుపానులో ఊళ్లోని ముప్పై ఇంటిపేర్లలో నాలుగు మిగిలాయనుకోండి. కానీ ఆ నాలుగిళ్లలోనూ ఊరందరి ఆడపడుచులూ కోడళ్లుగా ఉన్నారు. ఇంటిపేర్లు లెక్కపెట్టేవాడు ఊరు పోయిందంటాడు. పిల్లల ముఖాలు చూసేవాడికి అందరి పోలికలూ కనబడతాయి.

నా స్నేహితుడి వాదన ఇది. "చూశావా, మైటోకాండ్రియా మోసం చేసింది. వైవిధ్యం కొలవడానికి అది పనికిరాదు. ఇవాళ మొత్తం జీనోమ్, అంటే డీఎన్‌ఏ అంతా, చదవడం చవకైపోయింది. ఇంకా ఆ ఉంగరం పట్టుకుని పేపర్లు రాసేవాళ్లు పదేళ్లు వెనకబడ్డారు."

వాడితో నేను సగం ఒప్పుకుంటాను. ఉంగరంలో 16 వేల అక్షరాలున్నా అవన్నీ కలిసికట్టుగా కదిలే ఒకే ముక్క. ఎక్కువ అక్షరాలు చదివామని ఎక్కువ మంది సాక్షుల్ని పిలిచినట్టు కాదు. ఒకే సాక్షి చేత ఎక్కువసేపు మాట్లాడించినట్టు. "అడవి తేనెటీగల్లో జన్యు వైవిధ్యం" అని పైన పేరు పెట్టి, లోపల ఉంగరాలు మాత్రమే చదివి, చివర "వైవిధ్యం తక్కువ, కాబట్టి ప్రమాదంలో ఉన్నాయి" అని రాసే తీరు నాకూ ఒళ్లు మండిస్తుంది. తల్లి వరసల వైవిధ్యం అని రాయండి, ఎవరూ కాదనరు.

కానీ మోసం చేసిందనడం అన్యాయం. ఆర్నాట్‌లో చావు జరిగిందని చెప్పింది ఉంగరమే. కేంద్రకం ఒక్కదాన్నే చదివి ఉంటే "ఏమీ జరగలేదు, అంతా క్షేమం" అని రాసేవాళ్లు. రెండు సాక్ష్యాలూ కలిస్తేనే అసలు సంగతి తేలింది: పట్లు చచ్చాయి, జన్యువులు బతికాయి. అడవిలో తల్లి వరసలు ఎన్ని బతుకుతున్నాయో తెలుసుకోవాలంటే పట్టుకు ఒకే ఇంటిపేరు ఉండే గుర్తు కావాలి. అది ఉంగరం తప్ప ఇంకోటి లేదు.

మన సంగతికి వద్దాం. మన దేశంలో తేనెటీగ అంటే ఒకటి కాదు. కొండ తేనెటీగ, హిమాలయాల్లో దాని అక్కలాంటి మరో పెద్ద ఈగ, తొర్రల్లోనూ పుట్టల్లోనూ బహుపెరలు కట్టే పుట్ట తేనెటీగ, పొదల్లో అరచేయంత పెర కట్టే చిన్న తేనెటీగ. ఇవన్నీ ఇక్కడివే, అడవివే. ఐరోపా ఈగ 1960ల మొదట్లో వచ్చి ఉత్తరాదిన స్థిరపడిన చుట్టం.

అందులో పుట్ట తేనెటీగ కథ చూడండి. దక్షిణాదిన పెంచేవాళ్లను ఎవరినడిగినా ఇవి రెండు రకాలంటారు. కొండల్లో నల్లవి, మైదానాల్లో పచ్చవి. పుస్తకాలు మాత్రం చాలాకాలం రెంటినీ ఒకే పేరు కింద కట్టేశాయి. డెబొరా స్మిత్ అనే పరిశోధకురాలు మైటోకాండ్రియా చూసి, మన మైదానాల పచ్చ ఈగల తల్లి వరస మిగతా ఆసియా వరస నుంచి బాగా దూరమని చెప్పింది. 2006లో ఓల్డ్‌రాయిడ్ బృందం దక్షిణ భారతంలో ఈ రెండు రంగులూ ఒకదానితో ఒకటి కలవడం లేదన్న ఆధారాలు చూపించింది. 2010లో ఇంకో బృందం పచ్చ ఈగను వేరే జాతిగానే లెక్కించాలంది. ఫాబ్రిషియస్ అనే కీటకశాస్త్రవేత్త 1798లో తమిళనాడు తీరంలోని తరంగంబాడి నుంచి వెళ్లిన ఈగకు పెట్టిన "ఏపిస్ ఇండికా" అన్న పాత పేరు దానిదే అని. 2022లో కేరళ శాస్త్రవేత్తలు పడమటి కనుమల నల్ల ఈగను "ఏపిస్ కరింజోడియన్" పేరుతో కొత్త జాతిగా ప్రకటించారు. రెక్కల నరాల కొలతలు, మైటోకాండ్రియా దానికి ఆధారం.

తేనె తీసేవాడు రంగు చూసి చెప్పిన మాట దగ్గరికి శాస్త్రం చుట్టూ తిరిగి వచ్చింది. నాకది సంతోషమే. కానీ కొత్త జాతి అని ముద్ర వేయడానికి ఉంగరం ఒక్కటీ చాలదనే నా అభిప్రాయం, స్పెయిన్ చూశాం కదా. రెండు రంగుల రాణులు ఏ పోతులతో కలుస్తున్నాయో తేల్చాల్సింది కేంద్రకమే. 2006 నాటి పని నాకు ఎక్కువ నచ్చడానికి కారణం అదే: అది ఇంటిపేర్ల దగ్గర ఆగకుండా పెళ్లిళ్ల గురించి అడిగింది.

ఇప్పుడు తూర్పు కనుమలు. పాడేరు, మారేడుమిల్లి, నల్లమల. వాటికి ఆవల ఆదిలాబాద్ అడవులు. గిరిజన సహకార సంస్థ సీసాల్లో తేనె అమ్ముతుంది, మనం కొంటాం, బాగుంటుంది. నల్లమలలో చెంచులు కొండచరియ మీంచి తాడు వేసుకుని దిగి పెద్దీగల తేనె తీస్తారు. ఆ తాడు పైన పట్టుకునేది బావమరిది అయి ఉండాలంటారు. చెల్లెలి పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయి గనక వదలడని. ఆడ వైపు బంధం మీద ప్రాణం వేలాడదీసే పద్ధతి ఇంతకంటే ఏముంటుంది? ఆ చరియల మీది ఒక్కో పట్టు నుంచి ఒక్కో ఈగ తెచ్చి, ఉంగరాలు చదివి, ఏ కొండ మీద ఏ తల్లి వరస ఉందో ఒక పటం గీయడానికి ఏం కావాలి? తేనె తీసే మనిషి ఎలాగూ ఎక్కుతాడు. ఈగలు ఎలాగూ కొన్ని చస్తాయి. ఒక చిన్న గొట్టంలో 95 శాతం ఆల్కహాల్, పెన్సిల్‌తో రాసిన చీటీ. చాలు.

ల్యాబు కోసం సముద్రాలు దాటనక్కర్లేదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు మైటోకాండ్రియాలోని ఒక జన్యువుతో, మాంసం ముక్క ఏ జంతువుదో చెప్పే పద్ధతిని 2000ల మొదట్లోనే తయారుచేశారు. వేటగాళ్ల కేసుల్లో వాడుతున్నది అదే. అండమాన్ ఆదివాసుల పూర్తి ఉంగరాలు చదివి 2005లో లోకానికి చెప్పిందీ అక్కడివాళ్లే. పులి చర్మానికీ మనిషి పుట్టుకకీ పనికొచ్చిన విద్య ఈగకు పనికిరాకపోదు.

తొందర ఎందుకంటే, పెట్టెలు కదులుతున్నాయి గనక. 2020లో కేంద్రం తేనెటీగల పెంపకానికి 500 కోట్లు ప్రకటించింది. పెట్టెలివ్వడం మంచి పనే, నేను వద్దనను. ఐరోపా ఈగల పెట్టెలైతే జన్యువులు కలవవు. రెండూ వేరు జాతులు, బాధంతా రోగాలతోనే. కానీ పుట్ట తేనెటీగల పెట్టెల్ని ఒక చోట నుంచి ఇంకో చోటికి లారీల్లో తరలిస్తే, అక్కడి రాణులు ఇక్కడి పోతులతో కలుస్తాయి. అది మంచిదో చెడ్డదో తర్వాత వాదించుకోవచ్చు. కలవకముందు ఇక్కడ ఎవరున్నారో ఒక్కసారి రాసిపెట్టుకుంటే తప్ప ఆ వాదనకు ఆధారమే ఉండదు. 500 కోట్లలో వెయ్యో వంతు 50 లక్షలు. గొట్టాలకూ ఆల్కహాల్‌కూ చీటీలకూ అది ఎక్కువే.

1991, 92లలో దక్షిణాదిన థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ వచ్చి కర్ణాటక, కేరళ, తమిళనాడుల్లో పుట్ట తేనెటీగల పట్లను పెద్ద ఎత్తున చంపింది. పెంచేవాళ్లు ఖాళీ పెట్టెలు అటకెక్కించారు. తర్వాత మెల్లగా ఈగలు మళ్లీ వచ్చాయి. ఆర్నాట్ లాంటి కథే, ఇంకా పెద్దది. తల్లి వరసలు ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి? ఏ వ్యవసాయ కళాశాల డ్రాయరులోనో, ఏ జువాలజీ మ్యూజియం అట్టపెట్టెలోనో 1990కి ముందు గుచ్చిన ఈగలు, ఊరి పేరూ తేదీ ఉన్న చీటీతో దొరికితే, దీనికి జవాబు వాటిలో ఉన్నట్టే. అవి చదవడానికి ఇప్పుడు యంత్రాలున్నాయి. దయచేసి ఆ డ్రాయర్లను శుభ్రం చేయకండి. నేను చదివిన కాలేజీలో మ్యూజియం గదిని కంప్యూటర్ ల్యాబుగా మార్చినప్పుడు పాత కీటకాల పెట్టెలు వరండాలో వానకు నానడం నా కళ్లతో చూశాను. అప్పుడు నేనూ కంప్యూటర్లొచ్చాయని సంతోషపడ్డవాణ్ణే.

అందుకే నా స్నేహితుడితో నేను ఉంగరమా, మొత్తం జీనోమా అన్న వాదన మానేశాను. అది ఏ యంత్రంలో పెట్టాలన్న వాదన. ఈగ ఉంటే ఇవాళ ఉంగరం చదువుతాం, రేపు డబ్బులుంటే కేంద్రకం చదువుతాం, ఎల్లుండి ఇంకేదో చదువుతారు. 1977లో ఇథాకాలో ఈగను గుచ్చినవాడికి వరోవా వస్తుందని తెలియదు, సీక్వెన్సింగ్ యంత్రం వస్తుందని తెలియదు. పట్టుల్ని విడివిడిగా ఉంచాలనీ, చీటీ రాయాలనీ మాత్రం తెలుసు. టెర్రస్ మీద చీపురు పట్టుకున్నప్పుడు నాకు ఆ రెండూ తెలియవు.

పడమర వైపు తుట్టె ఏప్రిల్ దాకా ఉంది. రాత్రి లైటుకు వచ్చి మా కిటికీ గట్టు మీద పడి చచ్చిన మూడు ఈగల్ని తీసి విడిగా పెట్టాను, ఈసారి చీటీ రాసి. తర్వాత ఒక రోజు తుట్టె ఖాళీ. ఎండిన పెర మాత్రం మిగిలింది. కొండ తేనెటీగలు అంతే, పూలు అయిపోగానే ఎక్కడికో పోతాయి. అస్సాంలో పరిశోధకులు డీఎన్‌ఏ చూసి, అలా వెళ్లిన రాణులు కొన్ని నెలల తర్వాత తిరిగి తమ పాత చోటికే వస్తాయని 2000లో చూపించారు.

దీపావళి వెళ్లిన రెండు వారాలకు ట్యాంకు పడమర వైపు, సరిగ్గా పాత పెర మచ్చ ఉన్న చోట, మళ్లీ ఈగలు వాలాయి. గ్రూపులో ఇంకా ఎవరూ చూడలేదు, నేనూ చెప్పలేదు. దీని ఉంగరమూ పోయినేటిదీ వేరైతే ఇది వేరే తల్లిది అని ఖాయంగా చెప్పొచ్చు. రెండూ ఒకటే అయితే మాత్రం అదే రాణి అనలేం. చెల్లెలు కావచ్చు, కూతురు కావచ్చు, అదే ఇంటిపేరున్న దూరపు చుట్టం కావచ్చు. అది తేల్చాలంటే కేంద్రకంలోకి వెళ్లాలి. స్నేహితుడు ఆ మాట విని, "ఇన్నాళ్లకు దారిలోకొచ్చావు, రెండూ పట్టుకురా" అన్నాడు.

నిన్న తెల్లవారుజామున ట్యూబులైటు కింద ఒకటి దొరికింది. అమ్మ ఈసారి ఫ్రీజర్‌లో కింది అర ఇచ్చింది, పై అర ముట్టుకోవద్దని షరతు. చీటీ మీద పెన్సిల్‌తో రాశాను: టెర్రస్ ట్యాంకు, పడమర, కొండ తేనెటీగ, 1.